తాళాల గుత్తి చేతికొచ్చింది, మరి అధికారం? నర్సింగ్ నాయకత్వం గురించి ఒక వివరణ

నన్ను మొదటిసారి వార్డు ఇన్‌ఛార్జ్‌గా వేసిన రోజు నా చేతికి మూడు వచ్చాయి: అల్మారాల తాళాల గుత్తి, స్టాక్ రిజిస్టరు, ఖాళీ డ్యూటీ రోస్టరు. ముందు రోజు దాకా ఆ వార్డులోనే సెలైన్లు ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి, డ్రెస్సింగులు మార్చిన స్టాఫ్ నర్సును. తెల్లారేసరికి పది మందికి డ్యూటీలు వెయ్యాలి, కనబడకుండా పోయిన దుప్పట్లకు జవాబు చెప్పాలి, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నకూ బదులు పలకాలి. ఇవన్నీ ఎలా చెయ్యాలో ఎవరూ ఒక పూట కూర్చోబెట్టి చెప్పలేదు. "నువ్వు సీనియర్‌వి కదమ్మా, నీకు తెలియనిదేముంది" అన్నారు మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్. ఆమెకూ అంతకు పాతికేళ్ల ముందు ఎవరో ఇదే మాట చెప్పి ఉంటారు.

ఏటా మే 12న నర్సుల దినోత్సవం సభల్లో "నర్సింగ్ లీడర్‌షిప్" అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. 2023లో ఆ మాటకు బరువు పెరిగింది. నర్సుల, మిడ్‌వైఫ్‌ల (కాన్పులు చూసేవాళ్ల) చదువునూ రిజిస్ట్రేషన్‌నూ నియంత్రించే జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెట్టాలని కేంద్రం నిర్ణయించింది. ఇన్ని కాలేజీలను నడిపేదెవరు, కమిషన్‌లో కూర్చునేదెవరు, వార్డులో కొత్త నర్సుల చెయ్యి పట్టుకుని పని నేర్పేదెవరు? ఈ మూడింటికీ కావలసింది నాయకులే. కానీ ఆ మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

సీనియారిటీ, మేనేజ్‌మెంట్, నాయకత్వం

సీనియారిటీ అంటే సర్వీసు లెక్క. ఏ సంవత్సరం చేరారు, జాబితాలో ఎన్నో పేరు, అంతే. అది అనుభవానికి గుర్తు కావచ్చు గానీ, పది మందిని ఒక దారిన నడిపించగలరన్న రుజువు మాత్రం కాదు.

మేనేజ్‌మెంట్ అంటే ఉన్నదాన్ని సర్దడం. రోస్టరు వెయ్యడం, ఇండెంటు పెట్టడం (కావలసిన సరుకులు రాసి అడగడం), విరిగిన మంచాన్ని పనికిరాదని కండెమ్ చేయించడం, సెలవులు చూసుకోవడం. ఇది లేకపోతే వార్డు ఒక్క రోజు నడవదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎప్పుడూ రోస్టరు వేసి ఉండరు.

నాయకత్వం వేరు. ఉన్నది సరిపోనప్పుడు, పాత పద్ధతి రోగికి హాని చేస్తున్నప్పుడు, ఆ సంగతి గుర్తించి, మిగతావాళ్లను కూడగట్టుకుని మార్పు తేవడం అది. పదవి లేకపోయినా చెయ్యొచ్చు. నైట్ డ్యూటీలో ఉన్న రెండేళ్ల సర్వీసు నర్సు "సార్, ఈ పేషెంటు శ్వాస నాకు తేడాగా అనిపిస్తోంది, మీరు వచ్చి చూడండి" అని డాక్టరును రెండోసారి నిద్ర లేపిందంటే ఆ నిమిషానికి ఆమే నాయకురాలు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే అందరికీ దీపమే గుర్తొస్తుంది. 1854లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన మాట నిజమే. కానీ యుద్ధం అయిపోయాక ఆమె చేసిన పని అంతకంటే పెద్దదని నేననుకుంటాను. సైనికుల్లో ఎక్కువ మంది గాయాల కన్నా జబ్బులతోనే చనిపోయారని అంకెలు పోగేసి, బొమ్మలు గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది. దీపం పట్టుకోవడం సేవ అయితే, ఆ లెక్కలు పట్టుకుని అధికారుల వెంటపడడం నాయకత్వం. ఆ రెండో సగాన్ని మన నర్సింగ్ విద్యార్థులకు చాలా తక్కువగా చెబుతాం.

మన ఆసుపత్రుల్లో మెట్లు ఎలా ఉంటాయి

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాత వరస ఇది: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-2, ఆపైన గ్రేడ్-1. కేంద్ర సంస్థల్లో స్టాఫ్ నర్సును ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. తెలంగాణ నియామకాల్లోనూ ఆ పేరు వచ్చింది. పేరు మారితే ఏమొస్తుందని కొందరు అడుగుతారు. గౌరవం కొంత వస్తుంది, అది చిన్న విషయం కాదు. పని చేసే తీరు మాత్రం పేరుతో మారదు.

ప్రభుత్వంలో మెట్టు ఎక్కడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఖాళీ ఉండాలి, జాబితా తయారవ్వాలి, కోర్టు కేసులు తేలాలి. హెడ్ నర్సు అయ్యేసరికి యాభై దాటినవాళ్లు, అయిన రెండేళ్లకే రిటైరైనవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేర్చుకున్నది చేసి చూపించే వేళకు వీడ్కోలు సభ వచ్చేస్తుంది.

ప్రైవేటులో కథ తలకిందులు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలామంది నర్సులు రెండు మూడేళ్లకు మించి నిలవరు. గల్ఫుకో, బ్రిటన్‌కో, ప్రభుత్వ నోటిఫికేషన్‌కో వెళ్లిపోతారు. దాంతో 26 ఏళ్ల అమ్మాయి ఐసీయూ ఇన్‌ఛార్జ్ అవుతుంది. జీతం సంగతి వదిలి ఈ వలసను అర్థం చేసుకోలేం. ప్రైవేటు నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. అమలు రాష్ట్రాల చేతుల్లో ఉండిపోయింది.

అంటే ఒకచోట ఆలస్యం వల్ల, మరోచోట తొందర వల్ల, రెండు చోట్లా సిద్ధపడని మనిషి చేతికే తాళాలు వస్తున్నాయి.

30 పడకల వార్డు లెక్క

నాయకత్వం గురించి ఎంత మాట్లాడినా చివరికి రోస్టరు దగ్గరికి రావాల్సిందే. మా వార్డు లాంటిదే ఒకటి అనుకుందాం. 30 పడకలు, కాగితం మీద ఇన్‌ఛార్జ్‌తో కలిపి పది మంది నర్సులు. బయటివాళ్లకు మూడు పడకలకు ఒక నర్సు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు కావాలి. రోజుకు ఏడు డ్యూటీలు, వారానికి 49. ఒక్కొక్కరు వారానికి ఆరు రోజులు చేస్తారు కాబట్టి పది మందికి 60 డ్యూటీలు. ఇంకా పదకొండు మిగిలాయి కదా అనిపిస్తుంది.

ఇప్పుడు ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఇంకొకరిని ఓపీకి డిప్యుటేషన్ మీద (తాత్కాలికంగా) పంపారు. ఎనిమిది మంది, 48 డ్యూటీలు. కావలసింది 49. ఎవరికీ జ్వరం రాకముందే, ఎవరి పిల్లాడికీ పరీక్షలు లేకముందే, వరస నైట్‌ల తర్వాత ఇవ్వాల్సిన అదనపు నైట్ ఆఫ్ లెక్క వేయకముందే ఒకటి తక్కువ పడింది. రాత్రి ఇద్దరే కాబట్టి ఒక్కొక్కరికి 15 మంది రోగులు.

ఇన్‌ఛార్జ్ కూడా ఈ ఎనిమిది మందిలో ఒకరు. ఆమె ఉదయం డ్యూటీలో రోగులను పంచుకోకుండా, కొత్తవాళ్లకు నేర్పుతూ, హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతులు అప్పజెప్పడం) వింటూ, తప్పులు జరిగే చోట్లు వెతుకుతూ ఉండాలంటే ఆమెను లెక్కలోంచి తీసెయ్యాలి. అప్పుడు ఏడుగురు, 42 డ్యూటీలు. వారానికి ఏడు లోటు, అంటే రోజుకొకటి.

ఈ లోటు ఉన్న చోట ఇన్‌ఛార్జ్ తానే ట్రాలీ తోస్తుంది. నాయకత్వ లక్షణాలు లేక కాదు, ఆమెకు గంట ఖాళీ లేక. ఆమెకు నర్సును తెచ్చుకునే అధికారం లేదు, డిప్యుటేషన్ ఆపే అధికారం లేదు, ఏదైనా జరిగితే సంజాయిషీ మాత్రం ఆమెదే. సిబ్బంది ప్రమాణాలు రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే నర్సుల చదువునూ ప్రమాణాలనూ చూసే భారత నర్సింగ్ మండలి ప్రమాణాల్లో సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని చూపించారు. మా వార్డుకు ఆ లెక్క వేస్తే పది మందికి పదమూడు మంది ఉండాలి. ఆ ముగ్గురు ఉంటే పై కథంతా వేరుగా ఉండేది.

తప్పు జరగబోయిన రాత్రి

అధికారం తక్కువైనా ఇన్‌ఛార్జ్ చేతుల్లో ఉన్న ఒక పెద్ద విషయం ఉంది. తప్పు జరిగినప్పుడు ఆమె ఏం చేస్తుందన్నది.

కొత్తగా చేరిన నర్సు రాత్రి రెండింటికి ట్రేలోంచి ఒక ఆంప్యూల్ తీసింది. సెలైన్ అనుకుంది. సిరంజిలోకి లాగబోతూ లేబుల్ చదివితే పొటాషియం క్లోరైడ్. కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోయే మందు. చేతులు వణికాయి గానీ ప్రమాదం తప్పింది. ఇలా తప్పిపోయిన ప్రమాదాన్ని ఆసుపత్రి భాషలో నియర్ మిస్ అంటారు.

ఒక వార్డులో ఈ సంగతి బయటికి రాదు. చెబితే మెమో ఇస్తారని, అందరి ముందూ తిడతారని ఆ అమ్మాయికి తెలుసు. ఆంప్యూల్స్ అదే ట్రేలో ఉంటాయి. ఆరు నెలలకు ఇంకొకరి చెయ్యి పడుతుంది.

ఇంకో వార్డులో పొద్దున హ్యాండోవర్‌లో ఆ అమ్మాయే చెబుతుంది, ఎందుకంటే అక్కడ ఇన్‌ఛార్జ్ మొదట అడిగే ప్రశ్న "ఎవరు?" అని ఉండదు, "ఆ రెండూ ఒకే ట్రేలో ఎందుకున్నాయి?" అని ఉంటుంది. మధ్యాహ్నానికల్లా గాఢ పొటాషియం ఆంప్యూల్స్ వేరే డబ్బాలోకి, ఎర్ర లేబుల్ కిందికి, తాళం వెనక్కి వెళ్తాయి. ఇలాంటి గాఢ ద్రావణాలను మామూలు వార్డు నిల్వల్లోంచి తీసెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. ఈ మార్పుకు బడ్జెట్ అక్కర్లేదు, జీఓ అక్కర్లేదు. అయితే ఆ ఇన్‌ఛార్జ్‌కు పైనుంచి కూడా అదే రకం ఆదరణ దొరకాలి. తనకు మెమో వస్తుందన్న భయం ఉన్న మనిషి కిందివాళ్ల భయం పోగొట్టలేదు.

పరిశోధనలు చెప్పేది, చెప్పలేనిది

నర్సుల సంఖ్యకూ, చదువుకూ, రోగుల ప్రాణాలకూ సంబంధం ఉందన్న ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు ఒక్కో రోగి పెరిగిన కొద్దీ ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే ఫలితం వచ్చింది. అందులో ఇంకో సంగతి కూడా తేలింది: డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట మరణాల అవకాశం 7 శాతం తక్కువ.

నాయకత్వం విషయానికొస్తే అమెరికాలో 1980ల మొదట్లో ఒక ప్రశ్న లేచింది. దేశమంతా నర్సుల కొరత ఉంటే కొన్ని ఆసుపత్రులకు మాత్రం నర్సులు ఎందుకు వస్తున్నారు, వచ్చి ఎందుకు నిలుస్తున్నారు? అలాంటి 41 ఆసుపత్రులను పరిశీలించి 1983లో నివేదిక ఇచ్చారు. అయస్కాంతంలా లాగుతాయి కాబట్టి వాటికి మాగ్నెట్ ఆసుపత్రులని పేరొచ్చింది. నర్సింగ్ అధిపతికి ఆసుపత్రి పై స్థాయి నిర్ణయాల్లో చోటుండడం, వార్డు స్థాయి నిర్ణయాలు వార్డులోనే జరగడం, వాటిలో నర్సుల మాట చెల్లడం అక్కడ ఉమ్మడిగా కనిపించాయి. తర్వాత అదే గుర్తింపు పథకంగా మారింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. మాగ్నెట్ గుర్తింపు కోసం దరఖాస్తు చేసేవి ముందే డబ్బు, మంచి పేరు ఉన్న ఆసుపత్రులు. అక్కడ రోగులు బాగుపడ్డారంటే అది నాయకత్వం వల్లా, ఆ సంపద వల్లా? విడదీయడం కష్టం. పైన చెప్పిన ఐకెన్ అధ్యయనాలు కూడా సంబంధాన్ని చూపించేవే, ప్రయోగం చేసి కారణాన్ని నిరూపించినవి కావు. నా మట్టుకు నాకు, వేరు వేరు దేశాల్లో ఒకే దిక్కు చూపించే అంకెలను పక్కన పెట్టడానికి అది చాలదనిపిస్తుంది.

బ్రిటన్ చేసి చూసిన ప్రయోగాలు

నర్సుకు నిచ్చెన ఎలా కట్టాలన్న ప్రశ్నకు అరవై ఏళ్లుగా జవాబులు మార్చుతూ వచ్చిన దేశం బ్రిటన్. వాళ్ల తడబాట్లు మనకు పాఠం.

1966లో సామన్ కమిటీ ఆసుపత్రి నర్సులందరికీ ఒకే పెద్ద ఉండే పాత మేట్రన్ పద్ధతికి బదులు నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్ అంచెలు ఏర్పాటు చెయ్యమంది. నర్సులకు పై దాకా దారి దొరికింది. కానీ పైకెళ్లాలంటే రోగి మంచం దగ్గర్నుంచి దూరం కావాల్సి వచ్చింది. చేయి తిరిగిన నర్సు ఫైళ్ల వెనక్కి వెళ్లిపోతోందన్న బాధ అప్పుడే మొదలైంది. 1983లో గ్రిఫిత్స్ నివేదిక మొత్తం ఆసుపత్రికి ఒక జనరల్ మేనేజర్ ఉండాలంది. నైటింగేల్ ఇప్పుడు దీపం పట్టుకుని ఈ ఆసుపత్రుల్లో తిరిగితే ఇక్కడ బాధ్యులెవరా అని వెతుక్కుంటుందన్న అర్థంలో ఆ నివేదికలో ఉన్న వాక్యం బాగా ప్రచారమైంది. దాని ఫలితంగా, నర్సులను నర్సులే నడిపించే వరస చాలాచోట్ల తెగిపోయింది.

2000 నుంచి ఇంకో దారి తెరిచారు. కన్సల్టెంట్ నర్సు పోస్టు. జీతం, హోదా పెరుగుతాయి, కానీ కనీసం సగం సమయం రోగుల దగ్గరే గడపాలి. ఎదగడానికి మంచాన్ని వదలక్కర్లేదన్నది దీని సారం.

2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చింది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగులను ఘోరంగా నిర్లక్ష్యం చేసిన ఉదంతం మీద విచారణ అది. దాని సిఫార్సుల్లో ఒకటి: వార్డు మేనేజరు పర్యవేక్షణ పాత్రలో ఉండాలి, ఆఫీసు గదికి అంటుకుపోకూడదు, వార్డులో అందరికీ కనిపిస్తూ ఉండాలి. మన 30 పడకల లెక్కలో ఇన్‌ఛార్జ్‌ను ఎనిమిది మందిలోంచి బయటికి తీసిన దగ్గర మనం మాట్లాడుకున్నదీ అదే.

సర్వీసా, చదువా?

మన దగ్గర బాగా వేడి పుట్టించే వాదన ఇది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి 25 ఏళ్లు వార్డులో అరిగిపోయిన సిస్టర్ ఒకవైపు, ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి ఐదేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి ఇంకోవైపు. హెడ్ నర్సు ఎవరు కావాలి?

సర్వీసు పక్షం వాళ్లు చెప్పేది: సీనియారిటీ జాబితా గోడకు అంటిస్తే అందరికీ కనిపిస్తుంది. ప్రతిభ పేరు చెబితే సిఫార్సులు, కులం, పరిచయాలు దూరతాయి. పైరవీ చేసుకోలేని నర్సుకు జాబితా ఒక్కటే రక్ష. ఈ మాటలో నిజం ఎంతుందో మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

చదువు పక్షం వాళ్లు చెప్పేది: ఐసీయూలు మారిపోయాయి, మందులు మారాయి, ఆధారాలు చదివి పద్ధతులు మార్చగలవాళ్లు కావాలి. ఎమ్మెస్సీ చేసినవాళ్లకు వార్డులో దారి లేదు కాబట్టి అందరూ కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి పోతున్నారు. వార్డుకూ కాలేజీకీ మధ్య గోడ కట్టుకున్నాం. 2017లో ఐసీయూ రోగుల సేవలో ప్రత్యేక నైపుణ్యం నేర్పే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు పెట్టారు, చదివి వచ్చినవాళ్లకు ఆ పేరుతో పోస్టు దొరకడమే అరుదు.

ఈ రెండు వాదనలూ ఒకే మెట్టు కోసం కొట్టుకుంటున్నాయి. మెట్లు రెండు వరసలుగా ఉంటే, పాలన వైపు ఒకటి, రోగి సేవలో నైపుణ్యం వైపు ఒకటి ఉంటే, ఈ గొడవ చాలావరకు చల్లారుతుందన్నది మూడో అభిప్రాయం. నేను ఇటువైపే మొగ్గుతాను. అయితే రెండో వరసకు కొత్త పోస్టులు, కొత్త జీతాలు కావాలి. ఆర్థిక శాఖ ఫైలు ఆగేది అక్కడే.

పైన బల్ల దగ్గర కుర్చీ

వార్డులో ఎంత మంచి నాయకులున్నా, నర్సుల సంఖ్య, బదిలీలు, పోస్టులు నిర్ణయించే గదిలో నర్సు లేకపోతే మన 30 పడకల లెక్క మారదు. తెలుగు రాష్ట్రాల్లో నర్సింగ్‌కు ప్రత్యేక డైరెక్టరేట్ (సొంత అధిపతి ఉండే ప్రభుత్వ విభాగం) కావాలన్న డిమాండ్ ఇందుకే. అడిగేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ఆసుపత్రి సిబ్బందిలో అతి పెద్ద వర్గానికి సొంత అధిపతి లేకపోతే ఎలా? వద్దనేవాళ్లు, రోగి సేవ ఒక్కటే అయినప్పుడు అధికారాన్ని ముక్కలు చేస్తే సమన్వయం చెడుతుందంటారు. ఈ విషయంలో సైన్యాన్ని చూడొచ్చు. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో నర్సులు కమిషన్డ్ ఆఫీసర్లు, వాళ్ల అధిపతి మేజర్ జనరల్ హోదాలో ఉంటారు. దానివల్ల సైనిక ఆసుపత్రుల్లో వైద్యం ముక్కలైందని ఎవరైనా అనగా నేను వినలేదు.

2023 చట్టం 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం స్థానంలో వచ్చింది. జాతీయ కమిషన్‌లో 29 మంది సభ్యులు. అధ్యక్ష స్థానంలో ఉండే వ్యక్తికి నర్సింగ్‌లో పీజీ, ఈ రంగంలో కనీసం 20 ఏళ్ల అనుభవం ఉండాలి. చదువు, కాలేజీల తనిఖీ, నీతి నియమాలు-రిజిస్ట్రేషన్లకు మూడు బోర్డులు. రాష్ట్రాలు కూడా తమ కమిషన్లు ఏర్పాటు చేసుకోవాలి. పాత మండలిలో రాష్ట్ర కౌన్సిళ్ల నుంచి ఎన్నికైన నర్సులు ఉండేవారు, కొత్త పద్ధతిలో నియామకం ప్రభుత్వానిది. ఎన్నికల్లో ముఠాలు పోయి అర్హులు వస్తారని కొందరు, ఓటు పోయి గొంతు పోయిందని కొందరు అంటున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నర్సింగ్ నివేదిక ప్రకారం 82 శాతం దేశాల్లో ప్రభుత్వ స్థాయిలో నర్సింగ్‌కు ఒక పెద్ద అధికారి ఉన్నారు. కానీ నాయకత్వ శిక్షణకు ఏర్పాట్లున్నవి 66 శాతమే. పేద దేశాల్లో అయితే పద్ధతి ప్రకారం ఆ శిక్షణ ఇచ్చేవి 25 శాతం. కుర్చీ వేసి, అందులో కూర్చునే మనిషిని తయారుచెయ్యడం మర్చిపోయిన దేశాలు చాలా ఉన్నాయన్నమాట.

శిక్షణ అంటే ఒక రోజు వర్క్‌షాపేనా

బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో ఆరో సెమిస్టర్‌కు మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ పాఠ్యాంశంగా ఉంది. మంచిదే. కానీ నాయకత్వ రకాలు బట్టీపట్టిన పిల్ల, వార్డులో హ్యాండోవర్ సమయంలో నోరు తెరిస్తే "స్టూడెంట్‌వి, నీకెందుకు" అనిపించుకుంటే ఆ పాఠం అక్కడితో సరి.

మూడు రకాల ఆసరా ఉంటుంది, వాటిని కలిపేసి చూస్తాం. ప్రిసెప్టర్ అంటే కొత్తగా చేరిన నర్సుకు మొదటి నెలల్లో పక్కన నిలబడి పని చూపించే సీనియర్. మెంటర్ అంటే కొన్నేళ్ల పాటు మంచిచెడ్డలు మాట్లాడుకోగలిగిన పెద్దదిక్కు, ఆమె మీ వార్డులోనే ఉండనక్కర్లేదు. మూడోది స్పాన్సర్. మీరు లేని గదిలో మీ పేరు ఎత్తే మనిషి. "ఆ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీలో ఫలానా అమ్మాయిని వెయ్యండి, బాగా చేస్తుంది" అని చెప్పేవాళ్లు. మన నర్సుల్లో ప్రిసెప్టర్లు కొందరికి దొరుకుతారు, మెంటర్లు అదృష్టవంతులకు దొరుకుతారు, స్పాన్సర్లు దాదాపు ఎవరికీ ఉండరు. ఎందుకంటే ఆ గదిలో మనవాళ్లే తక్కువ.

వారసత్వ సన్నాహం అన్నది ఇంకోటి. హెడ్ నర్సు వచ్చే ఏడాది రిటైరవుతుందని అందరికీ తెలుసు. తర్వాత వచ్చే మనిషిని ఆరు నెలల ముందే పక్కన పెట్టుకుని రోస్టరు, ఇండెంటు, సమావేశాలు అలవాటు చేస్తే తాళాల గుత్తి బరువు సగం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక ఆర్డరు చాలు.

విమానం ఎక్కిన అనుభవం

ఇక్కడ పన్నెండేళ్లు చేసి హెడ్ నర్సు స్థాయికి వచ్చినామె బ్రిటన్ వెళ్తే సాధారణంగా బ్యాండ్ 5లో చేరుతుంది. అంటే అక్కడి కొత్త గ్రాడ్యుయేట్‌తో సమానమైన మెట్టు. వార్డు మేనేజరు బ్యాండ్ 7. మధ్యలో బ్యాండ్ 6. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ 2015 నుంచి జాతి సమానత్వ లెక్కలు తీస్తోంది. ఆసియా, ఆఫ్రికా మూలాల నర్సులు కింది బ్యాండ్లలోనే ఎక్కువగా ఉండిపోతున్నారని అవి చూపిస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు నర్సులను భాష నేర్పి పంపుతోంది. వాళ్లకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది: ఇక్కడ సంపాదించిన నాయకత్వ అనుభవానికి అక్కడ లెక్క ఉందా? వెళ్లినామెకు సున్నా నుంచి మొదలు, ఇక్కడి వార్డుకు ఇన్‌ఛార్జ్ ఖాళీ.

ఊళ్లో ఒక కొత్త రకం ఇన్‌ఛార్జ్

2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలయ్యాక, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా ఊళ్లకు వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో వీళ్లను ఎంఎల్‌హెచ్‌పీలనీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) అంటారు. బీపీ, షుగర్ చూడడం, మందులివ్వడం, టెలిమెడిసిన్‌లో డాక్టరును కలపడం వీళ్ల పని. వీళ్లతో పనిచేసేది ఏఎన్ఎం (ఊళ్లో తిరిగి తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు చూసే నర్సు), ఆశా కార్యకర్తలు.

అలాంటి ఒకమ్మాయిని ఊహించుకుందాం. 24 ఏళ్లు. ఆమె కింద ఏఎన్ఎం వయసు 48. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఏఎన్ఎంకు కంఠతా వచ్చు. అమ్మాయికి చదువుంది, టాబ్‌లో రిపోర్టులు పంపడం వచ్చు, ఊరు తెలీదు. "నేను ఆఫీసర్ని" అని మొదలుపెడితే వారంలో పని ఆగిపోతుంది. "అక్కా, ఈ ఊరు నీకు తెలిసినట్టు నాకు తెలీదు, షుగర్ వాళ్ల జాబితా ఇద్దరం కలిసి చేద్దామా?" అంటే మొదలవుతుంది. ఈ ఒక్క వాక్యం ఆమెకు ఏ కోర్సులో నేర్పారు? ఎవరూ నేర్పకపోతే, ఆ తెలివి ఆమెకు ఇంట్లోంచి వచ్చిందనుకోవాలి.

ప్రసూతి సేవల్లోనూ ఇలాంటి దారి తెరుచుకుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ హాస్పిటల్, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలు కాన్పును మిడ్‌వైఫే సొంతంగా చూసుకుని, ప్రమాద సూచన కనబడగానే డాక్టరును పిలిచే పద్ధతి. ఇక్కడ శిక్షణతో పాటు నిర్ణయం తీసుకునే హక్కు కూడా ఇచ్చారు. నేను ఇంతసేపూ వెతికిన జత అదే.

ఊళ్లోని ఆ 24 ఏళ్ల అమ్మాయిది మాత్రం కాంట్రాక్టు ఉద్యోగం. కాంట్రాక్టులో ప్రమోషన్ వరస ఉండదు. ఐదేళ్లు ఊరిని నడిపి, అక్కలాంటి ఏఎన్ఎంను, ఆశాలను కలుపుకుపోవడం నేర్చుకుని, చివరికి ఆమె రెగ్యులర్ స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ పడితే పరీక్ష రాసి, ఏదో పెద్దాసుపత్రి 30 పడకల వార్డులో రాత్రి డ్యూటీకి జాబితాలో ఆఖరి పేరుగా చేరుతుంది.